ఆషాఢంలో బంగారం తగ్గుతుందని

ఆయిల్ బెర్తు షెడ్డులో ల్యాండ్‌లైన్ ఎనిమిదిసార్లు మోగితే గాని ఎవరూ ఎత్తరు. ఇంద్రజ పెందుర్తిలో పుట్టింటి డాబా మీద నిలబడి ఆ ఎనిమిదీ లెక్కపెట్టుకుంటోంది. సాయంత్రం ఏడు దాటి పావుగంటయింది. కింద వంటింట్లో అమ్మ కాంతం పెసరట్లు పోస్తున్న వాసన మెట్లెక్కి పైదాకా వచ్చేసింది.

"హలో, ఎవులు?"

"పైడయ్యగారా? నేనండీ, ఇంద్రజని."

"సుమంతు బాబు ఇంటావిడా! బాబు ఓడ కాడున్నాడమ్మా, గొట్టం కలుపుతన్నాడు. ఏటి సెప్పమంటారు?"

"పాలు విరిగిపోయాయని చెప్పండి."

అవతల షెడ్డులో ఫోను చూసుకునే పైడయ్య నాలుక చప్పరించాడు.

"ఇయ్యాల కూడానా? నాలుగు దినాలబట్టీ ఇరుగుతున్నాయి. సెప్పకూడదు గాని, ఆ పాలోడిని మార్సీండమ్మా. నా మాటిను."

ఇంద్రజకి నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. ఆ రోజు విరిగిన పాల ఖరీదు పదకొండు వేల రూపాయలు.

సుమంత్‌తో పెళ్ళయి అప్పటికి నెలన్నర. అతను పోర్టులో, ఓడల్లోంచి నూనె దించే బెర్తు దగ్గర పనిచేస్తాడు. అక్కడ నిప్పురవ్వ రేగకూడదు. అందుకని ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టెలో పెట్టి లోపలికెళ్ళాలి. పెళ్ళికి వారం సెలవిచ్చినందుకు బదులుగా మూడు నెలలపాటు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా పనిచేస్తానని తోటివాళ్ళకి మాటిచ్చాడు. అమెరికాలో షేర్ల బజారు తెరిచేది మన లెక్కన సాయంత్రం ఏడింటికి. ఆ సమయానికి ఫోను ముట్టుకోడానికి లేని మనిషి అమెరికా షేర్లలో డబ్బు పెట్టాడంటే దాని వెనక ఇద్దరి బుర్రలూ ఉన్నాయి. ఒకటి అతనిది, ఒకటి ఇంద్రజది. పాలు పొంగాయంటే డబ్బు పెరిగినట్టు, విరిగాయంటే తగ్గినట్టు అన్న ఏర్పాటు మాత్రం పూర్తిగా ఇంద్రజ బుర్రలోంచి పుట్టిందే. బెర్తులో నలుగురికీ తెలిస్తే నవ్వులపాలవుతామని సుమంత్ భయం.

అసలు సంగతి మొదలైంది సూత్రాల గొలుసు దగ్గర. పెళ్ళిలో సూత్రాలు పసుపుతాడుకి కట్టారు. చదివింపుల్లో వచ్చిన డబ్బు రెండున్నర లక్షలయింది. దాంతో బంగారు గొలుసు చేయించి, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు సూత్రాలు దానికి మార్చాలని సుమంత్ తల్లి రామలక్ష్మమ్మ నలుగురిలోనూ చెప్పేసింది. డబ్బు కొడుకు చేతికిచ్చి, "పదిలం రా అబ్బీ" అని ఊరెళ్ళిపోయింది. ఆ డబ్బుకి ఆరోజు ధరలో మూడు కాసుల గొలుసు వస్తుంది.

జ్యేష్ఠం చివర్లో ఓ ఆదివారం ఇద్దరూ కురుపాం మార్కెట్టుకి వెళ్ళారు. అక్కడ ఎల్లాజీ అని సుమంత్ చిన్ననాటి స్నేహితుడు బంగారప్పని చేస్తాడు. మూడు కాసులకి నమూనాలు చూపిస్తూ, మాటల్లో మాటగా అన్నాడు. "ఇప్పుడు దేనికి బావా తొందర? ఆషాఢం వచ్చేత్తంది. పెళ్ళిళ్ళుండవు, కొనేవోడుండడు. మేం ఈగలు తోలుకుంటాం. అప్పుడు రా, కూలి తగ్గించి సేసిస్తాను."

ఎల్లాజీ అన్నది కూలి గురించి. సుమంత్ విన్నది బంగారం గురించి.

ఆ సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చరు తింటూ అతను చెప్పిన లెక్క ఇంద్రజకి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పొట్లం ఒకటే. నిమ్మకాయ ఎక్కువ పిండించుకుంది ఆమె. ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టింది అతను. గాలికి ఆమె చున్నీ అతని భుజం మీద పడితే తియ్యకుండా అలాగే ఉంచుకున్నాడు.

"ఇందూ, ఇను. ఆషాఢంలో బంగారం కొనీవోల్లుండరు. కొనకపోతే ధర తగ్గుద్ది. ధర తగ్గితే బంగారం గనులు తవ్వే కంపెనీల షేరు పడిపోద్ది. అవునా?"

"అవును."

"అమెరికాలో ఒక ఫండు ఉన్నాది. గనులోల్ల షేరు ఒక రోజులో రూపాయి పడితే ఇది రెండ్రూపాయలు లేస్తాది. తిరగేసిన ఫండన్నమాట. చదివింపుల డబ్బు నెల్లాళ్ళు అందులో పెడితే, ఇటు డబ్బు పెరుగుద్ది, అటు బంగారం సవకవుద్ది. మూడు కాసులు కాదే, నాలుగు కాసులు సేయిత్తాను నీకు."

"మరి వాళ్ళ షేరు లేస్తేనో?"

"ఆషాఢంలో లేస్తాదేటి?"

బి.కామ్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న ఇంద్రజకి ఆ ప్రశ్నకి జవాబు తట్టలేదు. అతను 'ఏటి' అన్నప్పుడల్లా ఆమెకి ముద్దొచ్చేది. వాళ్ళది గోదావరి వైపు. నాన్న గవర్రాజు స్టీలు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడినా ఇంట్లో మాట మాత్రం ఆ వైపుదే. నాలుగు కాసులు, 'ఏటి', సముద్రపు గాలి. ఆమె ఊఁ అంది.

డబ్బు వెళ్ళిన రెండో రోజుకే ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు ఆ నెల అత్తింట ఉండకూడదు గనక ఆమె పెందుర్తికి, అతను గాజువాకలో రెండు గదుల అద్దె వాటాలోకి. ఆ ఫండు కొన్న యాప్ ఇంద్రజ ఫోన్లో కూడా పెట్టాడు. రోజూ ఏడింటికి చూసి బెర్తుకి ఫోను చెయ్యడం ఆమె పని.

మొదటి మూడు రోజులూ పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీద కూడా పడ్డాయి. రెండు లక్షల డెబ్బై నాలుగు వేలు! మూడో రోజు రాత్రి సుమంత్ ఇంటికి చేరి ఫోను చేశాడు. "అమ్మీద్దామా? వొచ్చింది సాలేమో."

అప్పటికి ఇంద్రజ చాప మీద పడుకుని, నాలుగు కాసుల్లో గొలుసుకి మామిడిపిందెల నమూనా బాగుంటుందా, గోధుమగింజలా అని బొమ్మలు చూసుకుంటోంది.

"ఉంచుదాం అండీ, ఇంకా ఆషాఢం మొదట్లోనే ఉన్నాం కదా" అంది.

ఆ 'ఉంచుదాం' తర్వాత ఎన్ని రాత్రులు ఆమె చెవుల్లో మోగిందో.

మర్నాటి నుంచీ పాలు విరగడం మొదలైంది. మధ్యలో ఒక్కోరోజు పొంగేవి కూడా. పొంగిన రోజున పైడయ్య ఫోనులోనే, "అమ్మయ్య, పాలోడిని మార్సేరా!" అని సంబరపడేవాడు. ఆ రోజుల్లో ఆమెకి గోరింటాకు ఎర్రగా పండినా, పక్కింటి పోతమ్మ తంపటేసి ఉడికించిన వేరుశనక్కాయలు చేటతో తెచ్చిచ్చినా ఆనందమే. మర్నాడు మళ్ళీ విరిగేవి. కాంతం కూతురి ముఖం చూసి మొగుడి మీద బెంగ అనుకుంది. "ఆషాఢం ఎంతసేపే, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతుంది" అని తల నిమిరేది. అయిపోతోందనే ఇంద్రజ బాధంతా.

ఆషాఢం వెళ్ళడానికి రెండు రోజుల ముందు ఆమెకి ఒక విచిత్రం కనబడింది. గనుల కంపెనీల షేరు లేచి, పడి, లేచి, నెల కింద ఎక్కడుందో సరిగ్గా అక్కడికే వచ్చి నిలబడింది. అయితే వాళ్ళ డబ్బు కూడా రెండున్నర లక్షలకి రావాలి కదా? రెండు లక్షల ముప్ఫై ఒక్క వేలే చూపిస్తోంది. ఎవరు తీసుకున్నారు ఆ పంతొమ్మిది వేలు?

పెళ్ళి శుభలేఖ మిగిలింది ఒకటి బీరువాలో ఉంటే, దాని వెనక పెన్సిలుతో లెక్క వేసింది. షేరు వంద. ఒక రోజు నూట పదికి వెళ్ళింది, అంటే పది శాతం లేచింది. ఫండు ఇరవై శాతం పడుతుంది, వంద కాస్తా ఎనభై. మర్నాడు షేరు మళ్ళీ వందకి దిగింది, అంటే తొమ్మిది శాతం పడింది. ఫండు పద్దెనిమిది శాతం లేస్తుంది. కానీ లేచేది వంద మీద కాదు, మిగిలిన ఎనభై మీద. తొంభై నాలుగున్నర. షేరు బయలుదేరిన చోటికి వచ్చేసింది. డబ్బు దారిలోనే ఉండిపోయింది.

మళ్ళీ వేసింది. అంతే వచ్చింది. అప్పుడు తీరిగ్గా కూర్చుని, కొన్న రోజున ఇద్దరూ చివరిదాకా జరిపేసి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేసిన ఆ కాగితాలు చదివింది. రెండో పేజీలోనే ఉంది. ఇది ఒక్క రోజు కోసం తయారుచేసినది, రోజూ కనిపెట్టుకుని ఉండలేనివాళ్ళు దీని జోలికి రావద్దు అని. గేటు దగ్గర పెట్టెలో ఫోను పెట్టి వెళ్ళే మనిషి, ఆషాఢం నెలంతా ఉంచుదామన్న మనిషి. ఇద్దరూ కలిసి కొన్నారు దాన్ని.

ఇంకోటి కూడా తట్టింది ఆమెకి, అదే ఎక్కువ గుచ్చుకుంది. బంగారం పెరిగితే గొలుసు కొనాల్సిన వాళ్ళకి ఎలాగూ నష్టమే. వాళ్ళు పోయి పోయి, బంగారం పెరిగితే డబ్బు కూడా తగ్గే చోట పెట్టారు. రెండు కాళ్ళూ ఒకే గోతిలో.

శ్రావణం వచ్చింది. సారెతో గాజువాక చేరింది ఇంద్రజ. సుమంత్ గుమ్మానికి తనే మామిడాకులు కట్టాడు, వంకరగా. ఆమె ఆ వంకర చూసి నవ్వి, అవి అలాగే ఉంచింది. ఆ రాత్రి శుభలేఖ తీసి లెక్క చూపించింది. అతను చాలాసేపు చూశాడు.

"నిజమే గాని ఇందూ, ఇప్పుడు అమ్మేత్తే పోయింది పోయినట్టే. బంగారం కొంచెం దిగనీ."

దిగలేదు. శ్రావణంలో బంగారం ఒకటే ఎక్కడం. ఎందుకు ఎక్కుతోందో టీవీలో ఎవరెవరో ఏవేవో చెప్పారు, దూరదేశాల యుద్ధాలన్నారు, డాలరన్నారు. గాజువాక ఆషాఢం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. రెండో వారానికి లక్షా ఎనభై రెండు వేలు మిగిలాయి. శుక్రవారం వ్రతం. గురువారం రామలక్ష్మమ్మ వస్తోంది.

సోమవారం పొద్దున్న సుమంత్ టిఫిను తింటూ తలెత్తకుండా అన్నాడు. "మీ అమ్మమ్మ గాజులు... రెండు నెలలకి తాకట్టెడదాం. ఆ డబ్బు కూడా అందులో ఏత్తే, బంగారం కొంచెం పడినా మొత్తం వచ్చీత్తాది."

ఇంద్రజ చేతిలో గరిట ఆగింది. వద్దనాలి. కానీ ఆ 'ఉంచుదాం' తనది. చీర మార్చుకుని, గాజులు రుమాల్లో చుట్టుకుని వెంట నడిచింది.

గాజువాక జంక్షన్‌లో తాకట్టు ఆఫీసు మెట్ల దగ్గర జనం బాగానే ఉన్నారు. కౌంటర్లో కుర్రాడు గాజుల్ని రాయి మీద గీసి, తూచి, కంప్యూటరు చూసి చిరునవ్వు నవ్వాడు. "మంచి టైములో వచ్చారు సార్. పోయిన్నెల కంటే గ్రాముకి నాలుగొందలు ఎక్కువ ఇస్తన్నాం."

సుమంత్ ముఖం వెలిగిపోయింది. "సూసేవా ఇందూ! నాను సెప్పలేదా, ఇప్పుడైతే ఎక్కువొస్తాదని!"

ఇంద్రజ కుర్రాడి వైపు తిరిగింది. "ఎందుకు ఎక్కువిస్తున్నారండీ?"

"అదేటి మేడమ్, బంగారం పెరుగుతంది కదా. ఇంకా పెరుగుద్దని మా పైవోల్ల నమ్మకం."

సుమంత్ నవ్వు ముఖం మీదే ఉంది గాని దాని వెనక మనిషి లేడు. బంగారం పెరిగినందుకు సంతోషపడి, ఆ సంతోషంతో వచ్చిన డబ్బు పట్టుకెళ్ళి బంగారం పడుతుందని పందెం కాయబోతున్నాడు తను. ఆ మాట ఆమె అననక్కర్లేదు. అతనే ఆలోచించుకుంటున్నాడు. వెనక క్యూలో ముసలాయన, "బాబూ, తేల్చండి, నాకు ఇరవై ఎనిమిదో నెంబరు బస్సున్నాది" అన్నాడు.

ఇంద్రజ గాజులు తీసి చేతులకి తొడుక్కుంది. షేరాటోలో ఇంటికొచ్చారు. సుమంత్ అన్నం తినకుండానే డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్తూ గుమ్మంలో, "ఆ ఫండు అమ్మకే ఇందూ. నాకు ఒక్క వారం టైమియ్యి" అన్నాడు.

సాయంత్రం ఏడయింది. యాప్ తెరిచింది. లక్షా డెబ్బై ఆరు వేలు. కింద 'అమ్ము' అన్న ఎర్రగడి. వేలు పెడితే చాలు. కానీ ఆమె ఊఁ అంటేనే అతను కొన్నాడు. అతను ఊఁ అనకుండా ఆమె అమ్మితే, ఈ డబ్బు సంగతి ఏమైనా గాని, ఇద్దరి మధ్య ఇంకోటేదో పోతుంది. అది ఏ ఫండులోనూ తిరిగి రాదు.

బెర్తుకి ఫోను చేసింది. ఎనిమిదిసార్లు మోగింది.

"ఇరిగిపోయేయా అమ్మా?" అన్నాడు పైడయ్య, ఎవరని కూడా అడగకుండా.

"పాల సంగతి కాదు పైడయ్యగారూ. ఆయన్ని పిలవండి. పని ఆపించి అయినా పిలవండి."

ఆ గొంతు విని ఆయన ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్ళాడు. అయిదు నిమిషాలు పట్టింది. ఫోనులో ఓడ కూత ఒకటి, ఎవరో ఎవర్నో తిట్టడం, పరిగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు.

"ఏటయింది? అమ్మకేటైనా..."

"అందరూ బాగున్నారు. డబ్బు గురించి అడుగుతున్నాను. లక్షా డెబ్బై ఆరు వేలున్నాయి. అమ్మేయనా?"

"ఇందూ, ఇక్కడ పైడయ్య..."

"విననీండి."

పైడయ్య, 'నానెల్తాను బాబూ' అనడం, మళ్ళీ వెళ్ళకపోవడం కూడా వినిపించాయి.

"డెబ్బై నాలుగు వేలు పోయింది" అన్నాడు సుమంత్ చివరికి. గొంతు పిల్లాడిలా ఉంది. "అమ్మకేటి సెప్తాం? నలుగురిలో సెప్పీసింది."

"నేను చెప్తాను. మూడో రోజు మీరు అమ్మేద్దామంటే వద్దన్నది నేనే. అది కూడా చెప్తాను."

"అది సెప్పకు."

"చెప్తాను."

"అమ్మీయ్."

నొక్కింది. ఒక చిన్న గంట మోగింది ఫోనులో, పూజగదిలో మోగినట్టు. డబ్బు బ్యాంకులో పడటానికి నాలుగు రోజులు పడుతుందని రాసొచ్చింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గాని రాలేదు. ఆకలి వేసింది. పొద్దున్న మిగిలిన ఉప్మా గిన్నెలోంచే తినేసింది.

గురువారం రామలక్ష్మమ్మ రెండు కొబ్బరికాయలు, బుట్టెడు బంతిపువ్వులతో దిగింది. కాళ్ళు కడుక్కుని కూర్చోగానే, "గొలుసేదే, సూపించు" అంది.

ఇంద్రజ ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పింది. ఫండు గురించి సగమే అర్థమైనట్టుంది ఆవిడకి. ఎంత పెట్టారు, ఎంత మిగిలింది అన్నది పూర్తిగా అర్థమైంది. సుమంత్ గుమ్మం దగ్గర నిలబడి బూట్ల లేసు మూడోసారి కడుతున్నాడు.

"ఆషాఢంలో బంగారం తగ్గుద్దని నీకెవుడు సెప్పేడు రా?" అంది కొడుకుతో. అదే ఆఖరు. తర్వాత ఆ పూటంతా అతనితో మాట్లాడలేదు. "నీ మొగుడికి అన్నమెట్టు", "నీ మొగుడిని తువ్వాలు తియ్యమను", అన్నీ కోడలి మీదుగానే.

పడుకోబోయే ముందు మాత్రం ఇంద్రజ పక్కన కూర్చుని, ఆమె మెడలో పసుపుతాడు చేత్తో పట్టుకు చూసింది. చెమటకి రంగు వెలిసి, జాకెట్టు అంచుకి మరకైంది. "రెండు కాసులొత్తాయేటి ఆ మిగిల్నదానికి?"

"వస్తాయంటున్నాడండీ ఎల్లాజీ."

"డబ్బు పడ్డాక నా సేతికియ్యండి. నానెల్తాను." తాడు వదిలి అంది. "ఉంచుదామన్నావు సరే. అంత మంచి గొలుసేటే అది?"

"మామిడిపిందెలండీ" అంది ఇంద్రజ, తల దించుకుని.

రామలక్ష్మమ్మ లేచింది. గిన్నెలో పసుపు కలిపి తెచ్చి తాడుకి రాసింది, మెడ ఒరిసిన చోట కొంచెం మెల్లగా.

శుక్రవారం వ్రతం అయింది. ముత్తయిదువుల్లో ఒకరిద్దరు మెడ వైపు చూశారు. రామలక్ష్మమ్మ తాంబూలాలు గబగబా ఇచ్చేసింది. సుమంత్ పీటల మీంచి లేచి అలాగే డ్యూటీకి పోయాడు.

సాయంత్రం ఏడు దాటి పది నిమిషాలకి ఇంద్రజ ఫోను మోగింది. బెర్తు ల్యాండ్‌లైను. ఇన్నాళ్ళలో అటునుంచి రావడం ఇదే మొదలు.

"అమ్మ తిన్నాదా?"

"తిన్నారు."

"నా గురించి ఏటైనా అన్నాదా?"

"ఏమీ అనలేదండీ."

అతను ఇంకా ఫోను పెట్టలేదు. ఆమెకి తెలుసు, అమెరికాలో బజారు తెరిచి పది నిమిషాలయింది. పొద్దున్న పేపర్లో బంగారం తగ్గిందని వేశారు, అది అతనూ చూశాడు. ఈ రోజు ఆ ఫండు లేచి ఉంటుంది. ఆమె యాప్ తెరవలేదు. కానీ ఫోనులోంచి తీసెయ్యనూ లేదు.

"ఇందూ..."

"ఊఁ."

ల్యాండ్‌లైను గుర్రుమంటోంది. వెనకెక్కడో పైడయ్య దగ్గాడు. ఆమె ఎదురుచూసింది, మెడలో తాడు పట్టుకుని. తడి పసుపు వేళ్ళకి అంటింది.

"పులిహోర ఉంచు" అన్నాడు సుమంత్. "పదిన్నరకల్లా వచ్చెత్తాను."